తారీఖు లేని కాగితం

నన్ను హెచ్.ఆర్. చేసిన రోజు సేటు నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. సూరత్ పక్కన పల్సానాలోని ఆ చిన్న మరమగ్గాల కార్ఖానాలో నేను అప్పటికి నాలుగేళ్ళుగా హాజరు గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఆ నాలుగేళ్ళలో ఆయన ఎదుట ఒక్కసారి కూడా కూర్చోలేదు. అందుకే కూర్చోగానే అనుమానం వచ్చింది.

"రేపటినుంచి నువ్వు హెచ్.ఆర్.," అన్నాడు గుజరాతీలో. "ముంబై నుంచి మన బట్ట కొనేవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. మీ హెచ్.ఆర్. ఎవరని అడుగుతారు. ఎవరో ఒకరు ఉండాలి కదా."

నేను బీకాం చదివిన మాట నిజమే. సేటు నన్ను ఎంచుకున్నది మాత్రం అందుకు కాదు. కార్ఖానాలో రెండువందల మంది దాకా పనివాళ్ళు ఉండేవారు, ఎక్కువమంది ఒడిశా, బీహారు వాళ్ళు. అందులో నలభై మంది మావాళ్ళు, ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వచ్చి సాంచాలు నడిపేవాళ్ళు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. మా నాన్న కూడా సూరత్‌లో సాంచాల మోతకే వినికిడి పోగొట్టుకున్నాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాను. వాళ్ళ మాటా వచ్చు, సేటు మాటా వచ్చు. ఆయనకు కావలసింది అదే.

"ఇంకో సంగతి," అని గొంతు తగ్గించాడు. "నీవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలుస్తుండాలి. యూనియన్ అన్న మాట వినబడితే ఆ పూటే చెప్పాలి."

"అలాంటిదేమీ లేదు సేఠ్‌జీ."

"లేదని నీకెట్లా తెలుసు?"

ఆ ప్రశ్న ఆ రోజునుంచి నన్ను వదల్లేదు.

ఆయన చెడ్డవాడని నేననను. పనివాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వచ్చి వాళ్ళ పంక్తిలో కూర్చుని తినేవాడు. ఒకసారి ఒకతని చెయ్యి మగ్గం బెల్టులో పడి నలిగిపోతే, సొంత కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. సీటంతా రక్తమైనా నోరెత్తలేదు. "మనది ఒక కుటుంబం. తండ్రికీ కొడుక్కీ మధ్య వకీలెందుకు?" అనేవాడు. సేటు వాళ్ళ నాన్న అహ్మదాబాద్‌లో ఒక పెద్ద మిల్లులో పనిచేసేవాడట. మిల్లు మూతబడిన రోజు ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి రెండేళ్ళు అక్కడే కూర్చున్నాడట. యూనియన్ వల్లే మిల్లు మూతబడిందని సేటు నమ్మకం. యంత్రాలు పాతబడిపోతే యజమానులు డబ్బు వేరే వ్యాపారంలోకి మళ్ళించారని ఇంకెవరో చెప్పగా విన్నాను. ఏది నిజమో నాకు తెలియదు. సేటు మాత్రం యూనియన్ అన్న మాట ఎత్తినప్పుడల్లా గోడకేసి చూసేవాడు.

హెచ్.ఆర్.గా నా మొదటి పని అందరికీ ఫైళ్ళు తయారు చేయడం. ఆధార్ నకలు, ఫొటో, చిరునామా ఫారం. వాటి వెనక ఇంగ్లీషులో టైపు చేసిన ఇంకో కాగితం ఉండేది. సేటుకు సలహాలు చెప్పే ఒక కన్సల్టెంటు దాన్ని తయారు చేశాడు. నేను చదివాను. "నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నాను, నాకు రావలసినదేమీ లేదు" అన్నది దాని సారాంశం. కింద సంతకానికి చోటు, పక్కన తారీఖుకు ఖాళీ.

"తారీఖు వేయించనక్కర్లేదా?" అని కన్సల్టెంటును అడిగాను.

ఆయన నవ్వాడు. "తారీఖు సేఠ్‌జీ దగ్గర ఉంటుంది."

ఆఫీసు పనిలో చేరిన రోజు అలాంటి కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. ఆఫీసువాళ్ళందరూ పెట్టేదే కదా అనుకున్నాను. క్యాంటీన్‌లో బల్ల వేసుకుని రెండు రోజులు అందరిచేతా సంతకాలు పెట్టించాను. మావాళ్ళ వరసలో అందరికంటే పెద్దవాడు ఒకాయన ఉండేవాడు. మా నాన్నతో పాటు ఒకే రైలులో సూరత్‌కు వచ్చినవాడు. చిన్నప్పటినుంచీ ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. సంతకం పెట్టే ముందు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది బిడ్డా?"

"ఐడీ కార్డుకు కాకా. పెట్టు."

అబద్ధం అంత సులువుగా వచ్చింది. కాకా ఫోను తీసి ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నాడు. "గిట్ల దేనికైన ఒక నకలుండాలె," అంటూ మెల్లగా, తెలుగులో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు. నేను ఫొటో సంగతి పట్టించుకోలేదు.

నెల తిరగకముందే మావాళ్ళ తీరు మారింది. గేటు ముందరి చాయ్ బండి దగ్గర నేను వెళ్ళి నిలబడితే మాటలు ఆగిపోయేవి. అంతదాకా నవ్వుతున్నవాళ్ళు గ్లాసులు పెట్టేసి షిఫ్టు టైమైందని లేచేవారు. టైము కాలేదని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. నేనేం చేశానని మొదట కోపం వచ్చింది. తరువాత, వీళ్ళేం చేస్తున్నారన్న ఆలోచన మొదలైంది. అది సేటు ఆలోచన అని అప్పుడు నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం సేటు తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. చిన్న గది. నేల మీద మావాళ్ళు తొమ్మిది మంది. మధ్యలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక ముసలాయన చేతిలో కాగితం పట్టుకుని ఉన్నాడు. పక్కన కాకా.

"కోసాడ్ కాలనీ. ప్రతి ఆదివారం కూడుతున్నారు," అన్నాడు సేటు. "ఈ ముసలాయన రైల్వేలో యూనియన్ మనిషట. ఇక నాకు అర్థం కానిదేముంది? నువ్వు వెళ్ళు. నీవాళ్ళే కదా, నిన్ను బయటికి పొమ్మనరు."

ఫొటో ఎవరు పంపారని అడిగితే చెప్పలేదు. గది లోపల కూర్చున్న మనిషి తప్ప ఆ ఫొటో ఎవరూ తీయలేరు. తొమ్మిది ముఖాలూ గుర్తు చేసుకున్నాను. తీసినవాడు ఫొటోలో కనబడడు, అంటే పదో మనిషి ఒకడున్నాడు. ఆ వారమంతా మగ్గాల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి ముఖమూ చూశాను. అందరూ తెగిన పోగులు ముడివేసుకుంటూ తలవంచుకునే ఉన్నారు. ఎవరైనా కావచ్చు.

ఆదివారం పళ్ళు కొనుక్కుని కోసాడ్ వెళ్ళాను. ప్రభుత్వం కట్టించిన కాలనీ అది, ఒకే రంగు, ఒకే కొలత, ఏ బ్లాకు ఏదో గుర్తుపట్టడం కష్టం. కాకా ఇల్లు మూడో అంతస్తు. తలుపు తీసిన చిన్నమ్మ, కాకా భార్య, పళ్ళు తీసుకోకుండానే లోపలికి చూసింది. లోపల మాటలు ఆగాయి.

"దోవ తప్పి అచ్చినవా బిడ్డా?" అన్నాడు కాకా.

"మిమ్మల్ని చూద్దామని."

"చూసినవ్ గద. కూసో."

కూర్చున్నాను. నా పక్కనున్నతను జరిగి కూర్చున్నాడు. చోటివ్వడానికా, దూరం కావడానికా అర్థం కాలేదు. కళ్ళద్దాల ముసలాయన మాత్రం నన్ను పలకరించాడు. ఆయనది గోదావరి వైపు మాట. సూరత్ రైల్వేలో గూడ్సు క్లర్కుగా చేసి రిటైరై, కొడుకు దగ్గర పక్కనే అమ్రోలీలో ఉంటున్నాడట.

"ఆ కాగితాల మీద సంతకాలు పెట్టించింది మీరేనా అండి?" అని మర్యాదగా అడిగాడు.

గదిలో అందరూ నావైపు చూశారు. అప్పుడు ముసలాయన చేతిలోది ఏమిటో గమనించాను. కాకా ఫోనులోని ఫొటోను అచ్చు వేయించిన కాగితం అది.

"ముందు వీళ్ళు ఫోనునే తెలుగులోకి మార్చి చదవమన్నారట. అది సగం తెలుగు, సగం ఇంకేదో చెప్పిందట. అందుకని నన్ను పిలిచారు. నేను చదివి చెప్పాను. మూడు ఆదివారాల నుంచీ ఇదే చదువుతున్నాం. నేను చెప్పేది నమ్మడానికి వీళ్ళకు అన్ని రోజులు పట్టింది."

ఆయన నా ఎదుటే ఆ కాగితాన్ని మళ్ళీ ఒకసారి తెలుగులో చదివాడు, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ. నేను పెట్టించిన సంతకాలకు అర్థం ఇంకొకరి నోట వింటూ కూర్చున్నాను.

"నీకు ఎర్కనా బిడ్డా, గిందుల ఏముందో?" అని కాకా అడిగాడు.

తెలియదని చెబుదామని నోటిదాకా వచ్చింది. "ఎర్కనే," అన్నాను.

ఒకతను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. "మరి ఐడీ కార్డన్నవ్?" అని చిన్నమ్మ వంటగది గుమ్మంలోంచి అంది.

"సేటుకు చెప్పి వాపసు ఇప్పిస్త," అన్నాను చివరికి.

"నువ్వు మంచోనివే బిడ్డా," అన్నాడు కాకా. "గని నువ్వు కూసున్న జాగ మంచిది గాదు. మేం నీకు చెప్పేదేం లేదు. నువ్వు మాకు చెప్పేది గూడ నమ్మం. చాయ్ తాగి పో."

యూనియన్ అన్న మాట ఆ గదిలో ఒక్కసారి కూడా వినబడలేదు. ఆ మాట సేటుతో చెప్పాలని సోమవారం పొద్దున్నే వెళ్ళాను.

"వాళ్ళు కాగితం చదివించుకుంటున్నారు సేఠ్‌జీ, అంతే. ఆ కాగితాలు తిరిగిచ్చేస్తే ఎవరూ కూడరు."

"వాపసు ఇప్పిస్తానని వాళ్ళకు మాటిచ్చావట కదా," అన్నాడు సేటు.

ఆ మాట నేనన్నది కోసాడ్‌లో, ఆ గదిలో. అప్పటికింకా ఒక రోజైనా కాలేదు. అంటే నా మీద కూడా ఒక కన్ను ఉంది. నన్ను పంపించింది వాళ్ళ సంగతి తెలుసుకోవడానికా, నా సంగతి తెలుసుకోవడానికా? ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ వారమే, బట్ట కొనే ముంబై వాళ్ళు తనిఖీకి ముందుగా కార్మికుల కమిటీ పేర్లు పంపమన్నారు. పనివాళ్ళు ఎన్నుకున్న కమిటీ ఉండాలన్నది వాళ్ళ నియమం. సేటు ఐదు పేర్లు చెప్పాడు. ముగ్గురు సూపర్‌వైజర్లు, ఇద్దరు తన ఊరివాళ్ళు. నేను టైపు చేసి, పైన 'ఎన్నికైన సభ్యులు' అని రాసి, క్యాంటీన్ గోడకు అంటించాను. మధ్యాహ్నం భోజనాల వేళ కాకా దాని ముందు నిలబడి, పక్కవాడిచేత చదివించుకుని, నావైపు తిరిగాడు.

"ఎన్నికలు ఎప్పుడైనయ్ బిడ్డా? మేమంత ఏడ వోయినం గా దినం?"

ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు ఏమైందని అడిగారు. ఎవరో హిందీలో చెప్పారు. క్యాంటీనంతా నవ్వింది. నేను పనిచేసిన నాలుగేళ్ళలో అన్ని భాషలవాళ్ళూ ఒకేసారి నవ్వగా వినడం అదే మొదలు. ఆ నవ్వు పై అంతస్తులో సేటు గదిదాకా వినబడి ఉంటుంది.

మర్నాడు పొద్దున సేటు అలమారా తెరిచి కాకా ఫైలు తీసి నా ముందు పెట్టాడు. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

"తారీఖు వెయ్యి."

"సేఠ్‌జీ, ఆయన పాతికేళ్ళుగా..."

"తెలుసు. అందుకే బాధగా ఉంది. పాతికేళ్ళు నా ఉప్పు తిని మన కుటుంబంలోకి బయటివాణ్ణి పిలిచాడు. వెయ్యి."

వేశాను. ఎప్పుడూ వేసినట్టే గుండ్రంగా, శుభ్రంగా వేశాను. అరగంట తరువాత కాకాను గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. నువ్వు రాజీనామా ఇచ్చావు కదా అన్నాడు. కాకా గొడవ పడలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని కాసేపు నిలబడి, మా ఆఫీసు కిటికీవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. నేను కిటికీ పక్కకు తప్పుకున్నాను.

మగ్గాలు ఆగుతాయని సేటు భయపడ్డాడు. ఏమీ ఆగలేదు. నలభై మందీ పనిలోనే ఉన్నారు, ఒకరితో ఒకరు మాట్లాడడం మాత్రం మానేశారు. లోపలి మాట సేటుకు ఎవడు చేరవేశాడు అన్నదే అందరి కళ్ళలోనూ ఉండేది. ఒకే గదిలో అద్దెకుండే ఇద్దరు బంధువులు వేరుపడి, ఒకడు సూరత్‌లో ఇంకో మూలనున్న పాండేసరకు మారిపోయాడు. ఆదివారాల్లో కాకా ఇంటికి ఎవరూ వెళ్ళడం లేదని విన్నాను. సేటు ముఖంలో మళ్ళీ నవ్వు కనబడింది.

రెండు వారాలకు లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కాకా, రైల్వే ముసలాయన కలిసి ఫిర్యాదు ఇచ్చారు. విచారణకు సేటు తరఫున కన్సల్టెంటు, నేను వెళ్ళాలి. కారులో దారి పొడుగునా కన్సల్టెంటు నాకు పాఠం చెప్పాడు. "తారీఖు అతనే వేశాడు, నా ఎదుటే వేశాడు. ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు." నేను సరేనన్నాను. నిజంగానే అలా చెప్పడానికే వెళ్ళాను. ఇంట్లో ఈఎంఐలు ఉన్నాయి, నాన్నకు మందులు ఉన్నాయి.

అధికారి నడివయసు స్త్రీ. కాకా ఫోనులోని ఫొటోను, మా ఫైలులోని కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. ఫొటోలో తారీఖు చోటు ఖాళీ. ఫొటో తీసిన రోజు ఫోనులోనే ఉంది.

"ఆ రోజు వెయ్యలేదు. తరువాత వచ్చి తనే వేశాడు," అన్నాడు కన్సల్టెంటు తడుముకోకుండా. "మా హెచ్.ఆర్. ఎదుటే."

ఆమె నావైపు తిరిగింది. "అవునా?"

నేను నోరు తెరవబోతుంటే కాకా అడ్డం వచ్చాడు. తనకొచ్చిన హిందీలో చేతులు జోడించి అన్నాడు: "వాణ్ణి అడగకండి మేడమ్. మా దోస్తు కొడుకు. నిజం చెబితే వాడి నౌకరీ పోతుంది. నన్నడగండి, నేను చెప్తాను."

ఆ మాట విన్నాక నేను అనుకున్నది చెప్పలేకపోయాను. "ఆ తారీఖు నా చేతిరాత మేడమ్. సేఠ్‌జీ వెయ్యమంటే వేశాను. అందరి కాగితాలూ అలమారాలో ఉన్నాయి," అన్నాను. కన్సల్టెంటు నా మోకాలు గట్టిగా నొక్కాడు, కాని అప్పటికే చెప్పేశాను.

కాకా ఆ మాట నామీద ప్రేమతో అన్నాడా, లేక అలా అంటే నా నోటివెంట నిజం వస్తుందని తెలిసి అన్నాడా అని చాలాకాలం ఆలోచించాను. పాతికేళ్ళు తెగిన పోగును వెతికి పట్టుకున్న మనిషి ఆయన. ఏ పోగు ఎక్కడ పట్టుకోవాలో తెలియనివాడు కాదు. రెండూ కావచ్చు కూడా. బయటికి వచ్చాక ఆయన నావైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. రైల్వే ముసలాయన మాత్రం "ఇంటికి జాగ్రత్తగా వెళ్ళండి బాబూ," అన్నాడు. జాగ్రత్త అన్న మాటకు కూడా నేను వెనక్కి తిరిగి చూశాను.

గొడవ పెద్దది కాకముందే సేటు రాజీకి వచ్చాడు. కాకాను పనిలోకి తీసుకున్నారు. అందరి కాగితాలూ అందరికీ తిరిగివ్వాలని అధికారి రాయించింది. ఇచ్చే పని కూడా నాకే పడింది. అదే క్యాంటీన్, అదే బల్ల. ప్రతి ఒక్కరూ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసేవారు. "గిది అసలుదేనా, జిరాక్సా?" అని అడిగేవారు. అసలుదే అని చెప్పేవాణ్ణి. వాటికి నకళ్ళు తీసిపెట్టారో లేదో నాకు తెలియదు. అది వాళ్ళకు చెప్పలేదు.

పంపకం పూర్తయిన సాయంత్రం సేటు గదిలోకి పిలిచాడు. ఈసారి కూర్చోమనలేదు. బల్ల మీద ఒక్క కాగితం మిగిలి ఉంది, నాది.

"నిన్ను కొడుకులా చూశాను," అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. "నువ్వు ముందే వాళ్ళ మనిషివి అయ్యుంటే నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"నేను ఎవరి మనిషినీ కాదు సేఠ్‌జీ."

"అలాంటివాణ్ణి ఎవరు నమ్ముతారు?" అని పెన్ను ముందుకు జరిపాడు. నా తారీఖు నేనే వేసుకుని బయటికి వచ్చాను.

ఇప్పుడు పాండేసరలో ఒక పన్నుల సలహాదారు ఆఫీసులో పనిచేస్తున్నాను. జీతం తక్కువ, ఎవరి సంగతులూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మావాళ్ళ కబుర్లు అప్పుడప్పుడు తెలుస్తుంటాయి. కాకా పనిలోకి వచ్చిన నెలకే వాళ్ళలో ముప్పై మంది దాకా ఒక యూనియన్‌లో సభ్యులయ్యారట. మొదటి ఆదివారాల్లో వాళ్ళలో ఎవరికీ ఆ ఊహే లేదు. ఇప్పుడు ఒడియావాళ్ళు కూడా కొందరు వస్తున్నారట.

మొన్నొక ఆదివారం కోసాడ్ వెళ్ళాను. కింద నుంచి ఫోను చేస్తే కాకా మెట్లు దిగి వచ్చాడు. పైకి రమ్మనలేదు. మూలనున్న బండి దగ్గర చాయ్ తాగాం. నాన్న ఎట్లున్నాడని అడిగాడు. కార్ఖానాలో ఎట్లుందని నేనడిగాను.

"మస్తు మర్యాద జేస్తున్నడు సేటు," అన్నాడు. "పొద్దుగాల రాంగనే నమస్తే అంటడు. మీ చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడుగుతడు. మొన్న దవాఖానకు కారు పంపుతనన్నడు."

"మంచిదే గద కాకా."

"ఏమో బిడ్డా. తిట్టినన్ని దినాలు నిద్ర మంచిగ పట్టేది." గ్లాసు అడుగున మిగిలిన చాయ్ పారబోసి లేచాడు. "పైన అందరు కూసున్నరు. నేను పోత."

"నేను కూడ రానా?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, కాసేపు తీయలేదు. "జర ఆగు. నేనైతే రమ్మంట. వాళ్ళనడగాలె," అన్నాడు.

సరేనన్నాను. ఆయన మెట్లెక్కి వెళ్ళాక కూడా కొంతసేపు అక్కడే ఉన్నాను. మూడో అంతస్తు కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. నన్ను గుర్తుపట్టి చూశారో, ఎవడో నిలబడ్డాడని చూశారో తెలియదు. ఎక్కువసేపు నిలబడితే బాగుండదని బస్‌స్టాపు వైపు నడిచాను.